పడవకూ ఉంది జాతకం!

పాత కొట్టంలో ఓ మూల బోర్లించిన పడవ. పైన జానెడు దుమ్ము. రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది. లోపల చూస్తే మాత్రం తేనెరంగు చెక్క మెరుస్తోంది. దాన్ని తాతగారు కొన్నారో, ఆయన నాన్న కొన్నారో ఇంట్లో ఎవరికీ తెలీదు. అమ్ముదామంటే మనసొప్పదు, బాగుచేయిద్దామంటే అసలు అది ఏ కంపెనీదో తెలిస్తే కదా! మొదట్లో దాని రంగేమిటి? ఈ విరిగిన సీటు జనపనారతో అల్లిందా, పేముతోనా? అంచుకు కొట్టిన ఈ చెక్క అప్పటిదేనా, మధ్యలో ఎవరో బిగించిందా?

అమెరికాలోనూ కెనడాలోనూ ఏటా ఎంతోమందికి ఎదురయ్యే ప్రశ్నలివి. వీటికి జవాబు చెప్పగలిగింది ఒకప్పుడు కంపెనీ ఉచితంగా పంచిపెట్టిన ఓ పల్చటి పుస్తకం. అదే క్యాటలాగు. కొత్త ఏడాది పుస్తకం రాగానే పాతది పొయ్యిలోకో, చెత్తబుట్టలోకో పోయేది. అలా పోగా మిగిలిన కొన్ని ప్రతుల కోసమే ఇప్పుడు జనం అటకలు, పాత పుస్తకాల కొట్లు, వేలంపాటలు గాలిస్తున్నారు.

బెరడు పోయి గుడ్డ వచ్చె...

ఇంతకీ కెనూ అంటే? రెండు కొసలూ సన్నగా కోసుగా ఉండి, ఒకరిద్దరు తెడ్డుతో నడిపే తేలికపాటి పడవ. ఉత్తర అమెరికా మూలవాసుల సృష్టి అది. బిర్చ్ చెట్టు బెరడును పెద్ద పట్టలుగా ఒలిచి, దాని లోపల సీడార్ చెక్కతో చేసిన పక్కటెముకలు బిగించి, అతుకులకు చెట్టుబంక పూసేవారు. దారిలో జలపాతం అడ్డొస్తే పడవను నెత్తిన బోర్లించుకుని నడిచి, అవతల మళ్లీ నీళ్లలోకి దింపేవారు. అంత తేలిక!

పందొమ్మిదో శతాబ్దం చివరికి పెద్ద బిర్చ్ చెట్లు అరుదైపోయాయి. దాంతో అమెరికా ఈశాన్య మూలనున్న మెయిన్ రాష్ట్రంలో ఓ కొత్త పద్ధతి పుట్టింది. బెరడు బదులు పల్చటి సీడార్ పలకలు పరిచి, దానిమీద కాన్వాసు గుడ్డను బిగించి, గుడ్డ రంధ్రాలు పూడేలా దట్టంగా పూత పూసి, ఆపైన రంగు వేయడం. బాంగోర్ పట్టణంలో ఇవాన్ గెరిష్ 1870ల్లోనే ఇలాంటి పడవలు చేసి అమ్మాడు. తర్వాత ఇ.ఎం.వైట్, బి.ఎన్.మోరిస్... ఒకరి వెనక ఒకరు. 1898లో పెనాబ్‌స్కాట్ నది ఒడ్డున ఓల్డ్ టౌన్ అనే ఊళ్లో, గ్రే కుటుంబం వారి ఇనుప సామాన్ల కొట్టు వెనక ఇదే పని మొదలైంది. అక్కడ పుట్టిన ఓల్డ్ టౌన్ కెనూ కంపెనీయే తర్వాత ఆ రంగంలో అందరికన్నా పెద్దదైంది.

ఆ ఊరికి ఎదురుగా నదిలో ఉన్న దీవి పెనాబ్‌స్కాట్ తెగవారిది. పడవ రూపం వారిదే. ఫ్యాక్టరీల్లో పనిచేసినవారిలోనూ ఆ తెగవారున్నారు. 1901లో నమోదైనప్పుడు కంపెనీ పేరు ‘ఇండియన్ ఓల్డ్ టౌన్ కెనూ కంపెనీ’. కొద్దికాలానికే ముందున్న ‘ఇండియన్’ రాలిపోయింది. ఆ రోజుల్లో రకరకాల కంపెనీల క్యాటలాగుల అట్టల మీద ఈకల తలపాగా పెట్టుకున్న మూలవాసుల బొమ్మలు దర్జాగా కనిపిస్తాయి. ఆ పడవకు ఆకారం దిద్దిన వారి పేర్లు మాత్రం లోపలి పేజీల్లో ఎంత వెతికినా దొరకవు. ఈ పుస్తకాలు ఇష్టపడేవారు కూడా ఒప్పుకోవాల్సిన లోటిది.

గ్రామఫోను పెట్టుకుని షికారు

ఒక మామూలు పడవకు అంత పుస్తకం ఎందుకు? 1900 తర్వాత రెండు దశాబ్దాల పాటు కెనూ అంటే అక్కడి కుర్రకారుకు ఓ పిచ్చి. బోస్టన్ దగ్గర చార్లెస్ నదిమీద, 1897లో మొదలైన నోరంబెగా పార్కు పరిసరాల్లో సెలవురోజు వస్తే నీళ్లు కనిపించనంతగా పడవలు నిండిపోయేవట. ఇంట్లో పెద్దవాళ్ల కళ్లు కప్పి మాట్లాడుకోవడానికి ప్రేమజంటలకు అంతకన్నా మంచి చోటు లేదు మరి! అబ్బాయి వెనక కూర్చుని తెడ్డు వేస్తుంటే అమ్మాయి దిండ్లకు ఆనుకుని అతనివైపు తిరిగి కూర్చునేది. కొందరు గ్రామఫోను కూడా పెట్టుకునేవారు. హద్దు మీరకుండా చూడటానికి పోలీసులు తామూ పడవలెక్కి గస్తీ తిరిగారు.

అలాంటి గిరాకీలో కంపెనీలు ఊరుకుంటాయా? ముందుభాగాన పొడుగాటి నగిషీ చెక్కతో ఓ రకం, వేటగాళ్లకు బరువు మోసే రకం, మునగదేమోనని భయపడేవారికి రెండు పక్కలా గాలిగదులు బిగించిన రకం... ఎన్నో. ఓల్డ్ టౌన్ వారిదే చూస్తే చార్లెస్ రివర్, గైడ్, ఐడియల్, హెచ్‌డబ్ల్యూ, ఓట్కా అంటూ బోలెడు మోడళ్లు. ఈ చివరిదాని పేరు కంపెనీ పేరులోంచే పుట్టింది. ఒక్కోదానిలో పొడవులు వేరు, కలపను బట్టి తరగతులు వేరు. మహాగని చెక్కతో మెరిసేది ‘ఏఏ’ తరగతి. చవకలో గట్టిగా ఉండేది ‘సీఎస్’. అంటే కామన్ సెన్స్! రంగులు, అంచున గీసే డిజైన్లు, తెరచాప, దిండ్లు, తెడ్లు ఎవరికి కావలసినవి వారు ఎంచుకోవచ్చు. ఇన్ని వివరాలు ఉత్తరంలో ఎక్కడ రాస్తారు? అందుకే క్యాటలాగు. దూరాన ఎక్కడో పల్లెలో కూర్చుని, బొమ్మ చూసి, ధర చూసి, ఆర్డరు రాసి పంపితే కొన్ని వారాలకు రైల్లో పడవ దిగేది.

కొసన చెక్కిన అంకెలు

పాత పడవ దొరికితే ఆ విద్య తెలిసినవారు ముందు చూసేది రంగునో అందాన్నో కాదు. లోపలికి తలదూర్చి, కొసన వంగిన చెక్కను టార్చిలైటు వేసి చూస్తారు. ఓల్డ్ టౌన్ పడవైతే అక్కడ చెక్కలోకి గుద్దిన అంకెలుంటాయి. ముందు క్రమసంఖ్య, కాస్త ఎడంగా పొడవు ఎన్ని అడుగులో. వార్నిషు పొరల కింద అవి పూడుకుపోతే మెల్లగా తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తారు. ఒక కొసన అరిగిపోతే రెండో కొసన దొరకొచ్చు.

ఆ సంఖ్య దొరికిందంటే పంట పండినట్టే. ఎందుకంటే ఫ్యాక్టరీలో ఒక్కో పడవకూ చేత్తో రాసిన ఒక చీటీ ఉండేది. ఏ మోడలు, ఏ తరగతి, ఏ కలప, ఏ రంగు, కాన్వాసు బిగించిందెప్పుడు, మొదటి పూత ఎప్పుడు, వార్నిషు ఎప్పుడు, చివరికి ఏ తేదీన ఏ ఊరికి పంపారు... అన్నీ అందులో ఉంటాయి. పూత ఎండటానికే వారాలు పట్టేది కాబట్టి తేదీల మధ్య ఎడం కనిపిస్తుంది. అలాంటి రికార్డులు రెండు లక్షలకు పైగా మిగిలాయి! వాటిని ‘వుడెన్ కెనూ హెరిటేజ్ అసోసియేషన్’ సభ్యులు ఓపిగ్గా స్కాన్ చేసి భద్రపరిచారు. 1979లో మొదలైన సంస్థ ఇది. పాత చెక్క కెనూలంటే ప్రాణం పెట్టేవారంతా అందులో ఉంటారు. ఏటా ఒకచోట కలిసి ఎవరి పడవ వారు చూపించుకుంటారు, పనితనం నేర్పుకుంటారు.

చీటీ ఉంటే ఇక క్యాటలాగు దేనికి అనిపించొచ్చు. చీటీలో ‘డిజైన్ ఫలానా నంబరు’ అని మాత్రమే ఉంటుంది. ఆ డిజైన్ ఎలా ఉంటుందో చూపించేది ఆ ఏడాది క్యాటలాగే. ‘ఏఏ’ అని చీటీలో ఉంటే ఆ తరగతిలో సీటు ఏ కలపతో వచ్చేదో చెప్పేదీ అదే. చీటీది ఆసుపత్రి కేసుషీటు భాష. దానికి అర్థం చెప్పే నిఘంటువు క్యాటలాగన్నమాట.

రికార్డులు కాలిపోతే?

ఓల్డ్ టౌన్ వారి అదృష్టం అందరికీ పట్టలేదు. అదే మెయిన్ రాష్ట్రంలో వీజీ అనే ఊళ్లో బి.ఎన్.మోరిస్ ఫ్యాక్టరీ ఉండేది. పనితనంలో మోరిస్ పడవలను ఇప్పటికీ ఎంతో మెచ్చుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్దికాలానికే ఆ ఫ్యాక్టరీ కాలిపోయింది. కాగితాలూ దానితోపాటే పోయాయి. మోరిస్ పడవలో చిన్న ఇత్తడి రేకు మీద నంబరు కనిపిస్తుంది, కానీ ఆ నంబరు ఏ ఏడాదిదో చెప్పేవారెవరు?

ఇక్కడే అభిమానుల ఓపిక చూడాలి. దొరికిన ప్రతి మోరిస్ పడవ నంబరూ సేకరించారు. అంచు చెక్క మూసినట్టుందా తెరిచినట్టుందా, కొస చెక్క ఎలా వంగింది, పక్కటెముకల మధ్య ఎడమెంత, డెక్కు ఆకారమేంటి... అన్నీ రాసుకున్నారు. ఆ వివరాలను మిగిలిన మోరిస్ క్యాటలాగుల్లో బొమ్మలతో పోల్చారు. ఫలానా మార్పు ఫలానా ఏడాది పుస్తకంలో మొదటిసారి కనబడితే, ఆ మార్పున్న పడవ అంతకుముందుది అయ్యుండదు. ఇలా మెట్టు మీద మెట్టు పేర్చుకుంటూ నంబరుకూ సంవత్సరానికీ లంకె వేశారు. ఇందులో ఒక్క క్యాటలాగు తేదీ తప్పయినా లెక్క మొత్తం పక్కకు జరుగుతుంది.

తేదీలతోనే అసలు తంటా. చాలా క్యాటలాగుల మీద సంవత్సరం అచ్చేయలేదు. నిరుడు మిగిలిన ప్రతులు ఈ ఏడాది కూడా చెల్లాలి కదా! ధరల పట్టీని మాత్రం విడి కాగితంగా లోపల పెట్టేవారు. అది పడిపోతే ఆధారం పోయినట్టే. అప్పుడు వెతికేవారు డిటెక్టివుల అవతారమెత్తుతారు. పంపిన కవరు మీద తపాలా ముద్ర ఉందా? కంపెనీ పేరు పాతదా, మార్చుకున్నదా? వెనక పేజీల్లో కస్టమర్లు రాసిన పొగడ్తల ఉత్తరాల్లో చివరి తేదీ ఎప్పటిది? 1873లో మొదలైన ‘ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్’ లాంటి పత్రికల్లో అదే బొమ్మతో ప్రకటన ఎప్పుడు వచ్చింది? బొమ్మనూ గుడ్డిగా నమ్మలేం. ఒకసారి చెక్కించిన అచ్చుదిమ్మెను ఏళ్లతరబడి వాడేసేవారు. పడవ మారినా బొమ్మ మారేది కాదు!

సూప్ గిన్నెలాంటి పడవ

ఇంత వెతుకులాటలోనూ అందరికీ ప్రియమైన పేరొకటుంది. జె.హెచ్.రష్టన్. న్యూయార్క్ రాష్ట్రంలో కాంటన్ అనే చిన్న ఊరివాడు. 1870ల్లో పడవలు చేయడం మొదలుపెట్టాడు. ‘నెస్‌మక్’ అనే కలంపేరుతో రాసే జార్జ్ వాషింగ్టన్ సియర్స్ ఆయన దగ్గరికి ఓ వింత కోరికతో వచ్చాడు. మనిషి పొట్టి, బక్కపలుచన, క్షయతో నీరసించినవాడు. అడవుల్లో ఒంటరిగా తిరగాలి, పడవను తానే మోసుకోవాలి. కాబట్టి వీలైనంత తేలిగ్గా కావాలి.

రష్టన్ ఒకదాని తర్వాత ఒకటిగా చేసిచ్చాడు. వాటిలో ‘సైరీ గ్యాంప్’ అనేది తొమ్మిదడుగుల పొడవు, పదిన్నర పౌన్ల బరువు. అంటే అయిదు కిలోలు కూడా లేదు! డికెన్స్ నవలలో మద్యంలో నీళ్లు కలపనివ్వని నర్సు పేరది. ఈ పడవ కూడా నీళ్లు లోపలికి రానివ్వదని ఆ పేరు పెట్టాడు సియర్స్. పడవగా విసుగొస్తే సూప్ గిన్నెగా వాడుకోమని రష్టన్ చమత్కరించాడట. ఆరు పదులు దాటిన ఆ మనిషి 1883లో అడిరాండాక్ కొండల సరస్సుల్లో దానిమీదే 266 మైళ్లు తిరిగి, ఆ ముచ్చట్లు ‘ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్’లో రాశాడు. అది చదివినవారంతా రష్టన్‌కు ఉత్తరాలు రాశారు. ఆయన క్యాటలాగులో ‘నెస్‌మక్’ పేరుతోనే ఓ మోడలు చేరింది.

అలాగని రష్టన్ దశ తిరిగిపోలేదు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో భారీగా పడవలు పెట్టాడు. అదే ఏడాది దేశమంతా ఆర్థిక సంక్షోభం. ఖర్చు మీదపడింది. చాలాకాలం కాన్వాసు పడవలను దగ్గరికి రానివ్వని ఆయన చివరికి గిరాకీకి తలవంచి ‘ఇండియన్ గర్ల్’ అనే కాన్వాసు కెనూ తెచ్చాడు. 1906లో కన్నుమూశాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దుకాణమూ మూతపడింది. ఆయన 1903 క్యాటలాగును వ్యాఖ్యానంతో సహా 1983లో పుస్తకంగా మళ్లీ అచ్చేశారు. ఎక్కువ కంపెనీల పుస్తకాలకు ఆ భాగ్యం కలగలేదు.

కెనడా కథ వేరు

సరిహద్దు దాటితే ఒంటారియోలో పీటర్‌బరో, న్యూబ్రన్స్‌విక్‌లో ఫ్రెడరిక్టన్ అనే ఊళ్లు కెనూలకు పుట్టిళ్లు. పీటర్‌బరోలో అంతకుముందున్న ఒంటారియో కెనూ కంపెనీ 1892లో అగ్నికి ఆహుతయ్యాక పీటర్‌బరో కెనూ కంపెనీ వెలిసింది. ఫ్రెడరిక్టన్‌లో చెస్ట్‌నట్ కుటుంబం వారి కంపెనీ. వారి ‘ప్రాస్పెక్టర్’ మోడలును సినిమాలు తీసే బిల్ మేసన్ ఊరూరా పరిచయం చేశాడు. సర్వేయర్లు, గనుల కోసం వెతికేవారు, హడ్సన్స్ బే కంపెనీ ఉద్యోగులు ఉత్తరాన అడవుల్లోకి పోయింది ఇలాంటి పడవల్లోనే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక విమానాలు చేసే గ్రమ్మన్ కంపెనీ అల్యూమినియం కెనూ తెచ్చింది. తర్వాత ఫైబర్‌గ్లాసు. రంగు వేయనక్కర్లేదు, ఎండలో పడేసినా ఫర్వాలేదు. చెక్క పడవ ఇక నిలవలేకపోయింది. 1960ల ఆరంభంలో పీటర్‌బరో, 1970ల చివర్లో చెస్ట్‌నట్ మూతపడ్డాయి. ఓల్డ్ టౌన్ వారి చీటీల లాంటివేవీ వీటికి మిగల్లేదు. దాంతో ఈ పడవల వయసు చెప్పడానికి క్యాటలాగు తప్ప వేరే దిక్కులేదు. పేరు ముద్ర చెరిగిపోతే, చెస్ట్‌నట్‌కూ పీటర్‌బరోకూ తేడా చెప్పడం నిపుణులకే కష్టం. ఒక దశలో ఈ రెండు కంపెనీలూ ఒకే గొడుగు కింద నడిచాయి మరి.

పీటర్‌బరోలోనే 1997లో కెనడియన్ కెనూ మ్యూజియం తెరిచారు. 2024లో అది సరస్సు ఒడ్డున కట్టిన కొత్త భవనంలోకి మారింది. 600కు పైగా పడవలున్నాయక్కడ. పడవలతోపాటు కంపెనీల కాగితాలూ దాచారు. అమెరికాలో కనెక్టికట్‌లోని మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియం, బ్లూ మౌంటెన్ లేక్‌లోని అడిరాండాక్ ఎక్స్‌పీరియన్స్ మ్యూజియం గ్రంథాలయాల్లోనూ పడవల క్యాటలాగులు ఉన్నాయి. హెరిటేజ్ అసోసియేషన్ వారు పదుల కొద్దీ కంపెనీల పుస్తకాలను సేకరించి డిజిటల్ ప్రతులుగా అందుబాటులోకి తెచ్చారు.

తప్పు రంగు... తప్పు మందు

ఇదంతా కాలక్షేపం అనుకుంటే పొరపాటే. తెలియక చేసిన బాగుచేత పడవ ప్రాణం తీస్తుంది. కాన్వాసు చిరిగిందని దాన్ని పీకేసి ఫైబర్‌గ్లాసు అంటించినవారు 1960, 70ల్లో ఎందరో. సీడార్ చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. గాజునార పొర కదలదు. రెండింటి మధ్యా తడి చేరితే చెక్క కుళ్లిపోతుంది. దాన్ని మళ్లీ ఒలవాలంటే చెక్క కూడా ఊడొస్తుంది. ‘సాగే గుడ్డ, మార్చుకునే గుడ్డ’ అనేదే ఈ పడవ రహస్యం. కొన్ని దశాబ్దాలకోసారి కాన్వాసు మార్చుకుంటే లోపలి చెక్క వందేళ్లయినా ఉంటుంది. అలా ఉన్నవి ఇప్పటికీ నీళ్లలో తిరుగుతున్నాయి. ఇంకో జాగ్రత్త... పాత పూతల్లో సీసం కలిసేది. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లలున్న ఇంట్లో అసలే పనికిరాదు.

ఇక డబ్బు సంగతి. ఫలానా కంపెనీ పాత పడవని చెప్పి అమ్మేవారి మాట నిజమో కాదో తేల్చాలన్నా క్యాటలాగే సాక్షి. డిపార్ట్‌మెంట్ స్టోర్లు కంపెనీల దగ్గర పడవలు కొని సొంత పేరు అతికించి అమ్మిన సందర్భాలున్నాయి. కంపెనీలూ ఒకదాన్నొకటి కొనేసుకున్నాయి. కార్ల్‌టన్ అనే కంపెనీని ఓల్డ్ టౌన్ కలిపేసుకుని ఆ పేరుతో అమ్మకం కొనసాగించింది. ముక్కూ మొహం ఒకటే, పేర్లు రెండు!

దురదృష్టం ఏంటంటే, క్యాటలాగులకు గిరాకీ పెరిగేకొద్దీ వాటికే ముప్పు వచ్చింది. రంగుల అట్ట బొమ్మ బాగుంటుందని చింపి ఫ్రేము కట్టి విడిగా అమ్మేస్తుంటారు కొందరు వ్యాపారులు. పక్కటెముకల కొలతలు, తరగతుల వివరాలు, ధరల పట్టీ ఉన్న లోపలి పేజీలు ఎటుపోతాయో తెలీదు. వెతికేవారికి కావలసింది సరిగ్గా ఆ పేజీలే. అందుకే అసలు ప్రతి దొరికితే ముందు పేజీ పేజీ స్కాన్ చేయించి నలుగురికీ పంచడం, ఆ తర్వాతే దాన్ని ఎవరు ఉంచుకోవాలో చూడటం మంచి పద్ధతి.

అలా స్కాన్ చేసేటప్పుడు పాత పేజీల్లో ఒక్కోసారి ఏదో మోడలు పక్కన సన్నటి పెన్సిలు గీత కనిపిస్తుంది. ధర పక్కన చిన్న కూడిక... పడవకింత, తెడ్లకింత, రైలు కిరాయికింత. ఆ మనిషి ఆ పడవ కొన్నాడో, లెక్క చూసుకుని పుస్తకం మూసేశాడో ఫ్యాక్టరీ చీటీల్లో వెతికినా దొరకదు. వాటిలో చాలావరకు పడవ చేరిన ఊరే ఉంటుంది, ఎక్కినవారి పేరుండదు.